హార్మోన్ థెరపీ మొదలుపెట్టే ముందు, తర్వాత: మీ కొలెస్ట్రాల్ మీద దాని ప్రభావం తెలుసుకోవడం ఎలా?

ఒకే హార్మోన్ మాత్ర, ఒకే డోసు. వాడిన ముగ్గురిలో ఒకరికి మంచి కొలెస్ట్రాల్ అని పిలిచే హెచ్‌డీఎల్ బాగా పెరుగుతుంది. ఇంకొకరికి పెద్దగా కదలదు. మూడో ఆమెకు ట్రైగ్లిజరైడ్స్ అనే రక్తంలోని కొవ్వులు ఒక్కసారిగా ఎగబాకుతాయి. మెనోపాజ్ తర్వాత హార్మోన్ రీప్లేస్‌మెంట్ థెరపీ, అంటే హెచ్‌ఆర్‌టీ, వాడేవాళ్లలో కనిపించే ఈ తేడాలో కొంత జన్యువుల వల్ల వస్తుంది, కొంత మాత్ర రకం వల్ల వస్తుంది. మీ విషయంలో ఏది ఎంత పనిచేస్తోందో ఎలా పసిగట్టాలో, జీన్ టెస్ట్ మీద డబ్బు పెట్టాలో వద్దో వరుసగా చెబుతాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. చాలామందికి జీన్ టెస్ట్ అక్కర్లేదు. మందుకు ముందు ఒకసారి, మూడు నెలల తర్వాత ఒకసారి లిపిడ్ ప్రొఫైల్, అంటే రక్తంలోని కొవ్వుల పరీక్ష, జాగ్రత్తగా చేయించుకుంటే, మీ ఒళ్లు ఆ మందును ఎలా తీసుకుందో ఆ రెండు కాగితాలే చెబుతాయి. కానీ కొందరి విషయంలో మాత్రం కుటుంబ చరిత్ర కనుక్కోకుండా మాత్ర మొదలుపెట్టడం ప్రమాదం. ఆ కొందరిలో మీరు ఉన్నారో లేదో తేల్చుకోవడం అన్నిటికన్నా ముఖ్యం.

తెలుగు రాష్ట్రాల ఆడవాళ్లకు ఈ విషయం ఇంకాస్త ఎక్కువగా తెలిసి ఉండాలి. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం. దేశం మొత్తం మీద 3.2 శాతమే. గర్భసంచితో పాటు ఓవరీలు కూడా తీసేస్తే ముప్ఫై అయిదేళ్లకైనా మెనోపాజ్ ఆ రోజే వచ్చేసినట్టు. అలాంటివాళ్లకు హార్మోన్లు వాడాల్సిన కాలం ఎక్కువ. అన్నేళ్ల పాటు కొలెస్ట్రాల్ మీద ఓ కన్ను వేసి ఉంచాలి.

1. మందు ఎందుకు వాడుతున్నారో ముందు తేల్చుకోండి

ఒంట్లోంచి వేడి ఆవిర్లు రావడం, రాత్రిళ్లు చెమటలు పట్టి నిద్ర లేకపోవడం, యోని పొడిబారడం, చిన్న వయసులోనే ఓవరీలు పోవడం, ఎముకలు బలహీనపడే ముప్పు. హెచ్‌ఆర్‌టీకి ఇవి సరైన కారణాలు. కొలెస్ట్రాల్ తగ్గించుకోవడం కోసమో, గుండెను కాపాడుకోవడం కోసమో దీన్ని మొదలుపెట్టకూడదు.

ఒకప్పుడు అలాగే అనుకునేవారు. హెచ్‌ఆర్‌టీలోని ముఖ్య హార్మోన్ ఈస్ట్రోజెన్ వాడితే చెడు కొలెస్ట్రాల్ ఎల్‌డీఎల్ తగ్గి హెచ్‌డీఎల్ పెరుగుతోంది కాబట్టి గుండెపోట్లు కూడా తగ్గాలి కదా అన్నది అప్పటి లెక్క. అమెరికాలో అప్పటికే గుండెజబ్బు ఉన్న 2,763 మంది మహిళలతో చేసిన హెర్స్ పరీక్ష ఫలితం 1998లో వచ్చింది. కొలెస్ట్రాల్ అంకెలు బాగుపడ్డాయి, గుండెపోట్లు మాత్రం తగ్గలేదు. 2002 జులైలో విమెన్స్ హెల్త్ ఇనీషియేటివ్ అనే ఇంకా పెద్ద అధ్యయనంలో, గర్భసంచి ఉన్న 16,608 మందికి ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ (ప్రొజెస్టెరాన్ రకం మందు) అనే రెండు హార్మోన్లు కలిపి ఇస్తున్న భాగాన్ని మధ్యలోనే ఆపేశారు. లాభం కన్నా హాని ఎక్కువగా కనిపించడమే కారణం.

ఆ తర్వాత విశ్లేషణల్లో వయసు ముఖ్యమని తేలింది. అరవై ఏళ్ల లోపు, లేదా పీరియడ్స్ ఆగిన పదేళ్ల లోపు మొదలుపెట్టేవాళ్లకు ప్రమాదం తక్కువ. బ్రెస్ట్ క్యాన్సర్ వచ్చినవాళ్లు, కాళ్లలోనో ఊపిరితిత్తుల్లోనో రక్తం గడ్డ కట్టినవాళ్లు, గుండెపోటు, పక్షవాతం వచ్చినవాళ్లు, కాలేయ జబ్బుతో ఉన్నవాళ్లు, కారణం తెలియని రక్తస్రావం ఉన్నవాళ్లు మామూలుగా దీన్ని వాడకూడదు. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా డాక్టర్‌కు తప్పకుండా చెప్పండి.

2. కుటుంబ చరిత్ర రాసి పెట్టుకోండి

పైసా ఖర్చు లేని జన్యు పరీక్ష ఇదే. అమ్మను, పెద్దమ్మను, పిన్నిని, మేనత్తను, తోబుట్టువులను అడిగి ఒక కాగితం మీద రాయండి. అడగాల్సినవి ముఖ్యంగా నాలుగు.

చిన్న వయసులో గుండెపోటు ఎవరికైనా వచ్చిందా? మగవాళ్లలో 55 ఏళ్ల లోపు, ఆడవాళ్లలో 65 ఏళ్ల లోపు స్టెంట్ వేసినా, బైపాస్ చేసినా, హఠాత్తుగా చనిపోయినా రాయండి. మీ ఎల్‌డీఎల్ 190 దాటి ఉండి, ఇంట్లో ఇలాంటి చరిత్ర కూడా ఉంటే ఫ్యామిలియల్ హైపర్‌కొలెస్టెరోలీమియా అనే వారసత్వ జబ్బును అనుమానించాలి. ప్రపంచంలో సుమారు 250, 300 మందిలో ఒకరికి ఇది ఉంటుంది. చాలామందికి తమకు ఉన్నట్టే తెలియదు. మడమ వెనక స్నాయువు లావెక్కడం, మోచేతుల మీద పసుపు రంగు గడ్డలు రావడం దీని గుర్తులు. దీనికి స్టాటిన్ లాంటి కొలెస్ట్రాల్ తగ్గించే మందులు కావాలి. ఆ పని హార్మోన్ మాత్ర చేయలేదు.

రెండోది ట్రైగ్లిజరైడ్స్. ఇంట్లో ఎవరికైనా 500 దాటాయా? కడుపు పైభాగంలో భరించలేని నొప్పి వచ్చి, ప్యాంక్రియాస్ వాచిందని ఆసుపత్రిలో చేర్చారా? కొవ్వును కరిగించే లైపోప్రొటీన్ లైపేజ్ అనే ఎంజైమ్‌కు సంబంధించిన జీన్లలో లోపం ఉన్నవాళ్లకు నోటి ద్వారా వేసుకునే ఈస్ట్రోజెన్ నిజంగా ప్రమాదకరం. ట్రైగ్లిజరైడ్స్ వేలల్లోకి వెళ్లి ప్యాంక్రియాటైటిస్ రావచ్చు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చొప్పున లోపమున్న కాపీలు రెండూ చేరితే వచ్చే ఇలాంటి జబ్బులు మేనరికాల్లో ఎక్కువ. మన ప్రాంతంలో మేనమామనో, మేనత్త కొడుకునో చేసుకోవడం కొత్తేమీ కాదు కాబట్టి, మీ అమ్మానాన్నలది మేనరికమైతే ఆ సంగతి డాక్టర్‌కు చెప్పండి. అందులో మొహమాటపడాల్సింది ఏమీ లేదు.

మూడోది రక్తం గడ్డలు. కాన్పు తర్వాతో, గర్భనిరోధక మాత్రలు వాడుతున్నప్పుడో కాలు వాచి రక్తం గడ్డ ఉందని తేలినవాళ్లు ఇంట్లో ఉన్నారా? ఇది కొలెస్ట్రాల్ విషయం కాకపోయినా, హెచ్‌ఆర్‌టీ విషయంలో జన్యువులు ఎక్కువ హాని చేసేది ఇక్కడే. ఫ్యాక్టర్ వి లైడెన్ అనే జన్యు మార్పు ఉన్న స్త్రీలు ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ కలిసిన మాత్రలు వాడినప్పుడు, ఆ మార్పు లేకుండా, మందు కూడా వాడనివాళ్లతో పోలిస్తే గడ్డ కట్టే ముప్పు ఆరేడు రెట్లు పెరిగింది. ఈ మార్పు యూరప్ జాతుల్లో ఎక్కువ, మన దగ్గర తక్కువ. అయినా గడ్డ కట్టడానికి వారసత్వ కారణాలు ఇంకా ఉన్నాయి, అందుకే ఈ ప్రశ్న అడగాలి.

నాలుగోది మెదడుకు సంబంధించింది, పక్షవాతం చిన్న వయసులో వచ్చిందా అన్నది.

3. మందుకు ముందు సరైన బేస్‌లైన్ తీసుకోండి

బేస్‌లైన్, అంటే మందుకు ముందు ఉన్న అంకెలు, సరిగ్గా లేకపోతే తర్వాత వచ్చే ఏ రిపోర్టుకూ అర్థం ఉండదు. కాబట్టి ఇక్కడ కాస్త ఓపిక పట్టండి. తొమ్మిది నుంచి పన్నెండు గంటలు పరగడుపున ఉండి లిపిడ్ ప్రొఫైల్ చేయించుకోండి. పండగ భోజనం తిన్న మర్నాడు వద్దు. జ్వరం వచ్చి తగ్గిన వెంటనే కూడా వద్దు. ఏ ల్యాబ్‌లో చేయించుకున్నారో తర్వాత కూడా అక్కడికే వెళ్లండి. ట్రైగ్లిజరైడ్స్ ఒకే మనిషిలో ఒక వారానికీ ఇంకో వారానికీ బాగా మారతాయి, అవి 150 పైన వస్తే రెండు వారాల తేడాతో ఇంకోసారి చూసుకోవడం మంచిది.

దాంతో పాటు టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ పరీక్ష, షుగర్ చూపించుకోండి. థైరాయిడ్ తక్కువగా ఉంటే ఎల్‌డీఎల్ దానంతట అదే పెరుగుతుంది. ఇందులో ఇంకో చిక్కు ఉంది. మీరు ఇప్పటికే థైరాక్సిన్ మాత్ర వాడుతుంటే, నోటి ఈస్ట్రోజెన్ మొదలయ్యాక రక్తంలో థైరాయిడ్ హార్మోన్‌ను పట్టి ఉంచే ప్రొటీన్ పెరుగుతుంది. అప్పుడు మీ పాత డోసు చాలకపోవచ్చు, ఎల్‌డీఎల్ తగ్గకపోవచ్చు. దాన్ని చూసి జన్యువుల దోషం అనుకునే ముందు టీఎస్‌హెచ్ మళ్లీ చూడాలి.

లైపోప్రొటీన్ ఎ అనే, కొలెస్ట్రాల్‌ను మోసే ఒక రకం కణం పరీక్ష కూడా ఒకసారి చేయించుకోమంటాను. మామూలు లిపిడ్ ప్రొఫైల్‌లో ఇది ఉండదు, విడిగా అడగాలి. దీని స్థాయి దాదాపు పూర్తిగా జన్యువుల మీదే ఆధారపడుతుంది, తిండితో, నడకతో మారదు. 50 మిల్లీగ్రాములు దాటితే గుండె ముప్పు పెరుగుతుంది, ప్రపంచంలో సుమారు ఐదుగురిలో ఒకరికి అలా ఉంటుంది. హార్మోన్ మాత్రలు దీన్ని కొంత తగ్గిస్తాయి. అందుకే అసలు స్థాయి తెలియాలంటే మాత్రకు ముందే రక్తం ఇవ్వాలి.

4. మాత్రా, జెల్లా, ప్యాచా? జన్యువుల కన్నా ముందు దీన్ని చూడండి

నోటి ద్వారా వేసుకున్న ఈస్ట్రోజెన్ పేగుల నుంచి నేరుగా కాలేయానికి చేరుతుంది. కొలెస్ట్రాల్ తయారయ్యేదీ, శుభ్రమయ్యేదీ ఎక్కువగా అక్కడే. రక్తంలోని ఎల్‌డీఎల్‌ను పట్టి లాగే రిసెప్టర్లను అది పెంచుతుంది, కాబట్టి ఎల్‌డీఎల్ తగ్గుతుంది. హెచ్‌డీఎల్‌ను విడగొట్టే హెపాటిక్ లైపేజ్ అనే ఎంజైమ్‌ను తగ్గిస్తుంది, కాబట్టి హెచ్‌డీఎల్ పెరుగుతుంది. అదే సమయంలో కాలేయం ట్రైగ్లిజరైడ్స్‌ను ఎక్కువగా బయటికి పంపుతుంది. చర్మం మీద రాసుకునే జెల్, అంటించుకునే ప్యాచ్ అయితే మందు కాలేయానికి అంత మోతాదులో ఒక్కసారిగా చేరదు. హెచ్‌డీఎల్, ఎల్‌డీఎల్ మీద లాభం తక్కువ, ట్రైగ్లిజరైడ్స్ పెరిగే బెడద కూడా దాదాపు ఉండదు. రక్తం గడ్డ కట్టే ముప్పు కూడా మాత్రలతో పోలిస్తే తక్కువ.

గర్భసంచి ఉన్నవాళ్లు లోపలి పొర మందం కాకుండా ఈస్ట్రోజెన్‌తో పాటు ప్రొజెస్టెరాన్ రకం మందు కూడా వాడాలి. గర్భసంచి తీసేసినవాళ్లకు మామూలుగా అది అక్కర్లేదు. ఈ రెండో మందు ఏది అన్నదాన్ని బట్టి అంకెలు చాలా మారిపోతాయి. 1995లో ప్రచురితమైన పెపి అధ్యయనంలో 875 మంది పాల్గొన్నారు. ఈస్ట్రోజెన్ ఒక్కటే వాడినవాళ్లకు హెచ్‌డీఎల్ సగటున 5.6 మిల్లీగ్రాములు పెరిగింది. మైక్రోనైజ్డ్ ప్రొజెస్టెరాన్ కలిపితే 4.1 పెరిగింది. మెడ్రాక్సీప్రొజెస్టెరాన్ కలిపితే 1.2 నుంచి 1.6 మాత్రమే. టిబోలోన్ అనే మందైతే హెచ్‌డీఎల్‌ను తగ్గిస్తుంది కూడా.

పక్కింటావిడ రిపోర్టుతో మీ రిపోర్టు పోల్చుకుని దిగులు పడే ముందు ఇద్దరి మందుల స్ట్రిప్పులు పక్కపక్కన పెట్టి చూడండి. పేరు, మిల్లీగ్రాములు, లోపలికా పైపూతకా అన్నది నోట్‌బుక్‌లో రాసుకోండి.

ఇక డాక్టర్‌తో మాట్లాడేటప్పుడు: ట్రైగ్లిజరైడ్స్ ముందే ఎక్కువగా ఉన్నా, ఇంట్లో రక్తం గడ్డల చరిత్ర ఉన్నా "నాకు మాత్ర బదులు జెల్ గానీ ప్యాచ్ గానీ సరిపోతుందా డాక్టర్ గారూ?" అని అడగండి. బాగా ఎక్కువగా, 500కు దగ్గరగా ఉంటే నోటి ఈస్ట్రోజెన్ జోలికి పోకపోవడమే మేలు. ఇప్పటికే స్టాటిన్ వాడుతున్నవాళ్లు హార్మోన్ మొదలైంది కదా అని దాన్ని ఆపకండి.

5. మూడు నెలలకు మళ్లీ పరీక్ష, ఆ రెండు కాగితాలు చదివే పద్ధతి

కొలెస్ట్రాల్ మీద హార్మోన్ ప్రభావం రెండు మూడు నెలల్లో స్థిరపడుతుంది. ట్రైగ్లిజరైడ్స్ ముందే ఎక్కువగా ఉన్నవాళ్లు నెల, నెలన్నరకే ఒకసారి చూసుకోవాలి. ఈ మధ్యలో కొత్త డైట్ మొదలుపెట్టకండి, ఇంకో కొత్త మందు వేసుకోకండి. రెండూ కలిస్తే ఏది దేనివల్ల జరిగిందో చెప్పలేం.

ఒక ఉదాహరణ తీసుకుందాం. మందుకు ముందు ఒకామెకు టోటల్ కొలెస్ట్రాల్ 212, హెచ్‌డీఎల్ 42, ఎల్‌డీఎల్ 138, ట్రైగ్లిజరైడ్స్ 160 ఉన్నాయనుకోండి. మూడు నెలలకు టోటల్ 207, హెచ్‌డీఎల్ 47, ఎల్‌డీఎల్ 119, ట్రైగ్లిజరైడ్స్ 205 వచ్చాయి. మొదటి అంకె ఒక్కటే చూస్తే ఏమీ మారలేదనిపిస్తుంది. లోపల మాత్రం చాలా జరిగింది. ఎల్‌డీఎల్ 19 తగ్గింది, హెచ్‌డీఎల్ 5 పెరిగింది, ట్రైగ్లిజరైడ్స్ 45 పెరిగాయి. ఈమె కాలేయం ఈస్ట్రోజెన్‌కు గట్టిగానే స్పందించింది, మంచి వైపూ చెడు వైపూ కూడా. ఈమెకు జెల్‌కు మారమని డాక్టర్ చెప్పే అవకాశం ఉంది.

టోటల్ లోంచి హెచ్‌డీఎల్ తీసేసి చూడండి. దాన్ని నాన్ హెచ్‌డీఎల్ అంటారు. ఈమెకు 170 నుంచి 160కి వచ్చింది. హార్మోన్ వాడేవాళ్లకు నేను ఎక్కువగా నమ్మమని చెప్పే అంకె ఇదే. ఎందుకంటే చాలా ల్యాబుల్లో ఎల్‌డీఎల్‌ను నేరుగా కొలవరు, టోటల్ లోంచి హెచ్‌డీఎల్‌నూ, ట్రైగ్లిజరైడ్స్‌లో అయిదో వంతునూ తీసేసి లెక్కగడతారు. ట్రైగ్లిజరైడ్స్ పెరిగేకొద్దీ ఈ లెక్క తప్పుతుంది, 400 దాటితే అసలు పనికిరాదు. అప్పుడు డైరెక్ట్ ఎల్‌డీఎల్ పరీక్ష అడగాలి.

ఒకటి రెండు మిల్లీగ్రాముల తేడాకు టెన్షన్ పడొద్దు. మందు ఏమీ వాడకపోయినా అంత తేడా వస్తూనే ఉంటుంది. ట్రైగ్లిజరైడ్స్ రెట్టింపైతే మాత్రం వారాలు ఆగకుండా డాక్టర్‌ను కలవండి. పైకడుపులో మొదలై వీపు వైపు పాకే నొప్పి, దానితో వాంతులు వచ్చినా, ఒక కాలి పిక్క వాచి నొప్పి పుట్టినా, ఆయాసం, ఛాతీనొప్పి వచ్చినా మాత్ర ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

6. ఇక జీన్ టెస్ట్ సంగతి

ఈస్ట్రోజెన్ రక్తంలో తిరిగినంత మాత్రాన పని జరగదు. కణం లోపల ఉండే ఈస్ట్రోజెన్ రిసెప్టర్‌ను పట్టుకోవాలి. ఆల్ఫా రకం రిసెప్టర్‌ను తయారుచేసే జీన్ పేరు ఈఎస్‌ఆర్1, ఆరో క్రోమోజోమ్ మీద ఉంటుంది. ఆ జీన్‌లో ఒక చోట కొందరికి టి అనే డీఎన్‌ఏ అక్షరం, కొందరికి సి అనే అక్షరం ఉంటాయి. అమెరికాలోని వేక్ ఫారెస్ట్ విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ హెరింగ్టన్ బృందం గుండెజబ్బు ఉన్న 309 మంది మహిళల్లో దీన్ని చూసి 2002లో ప్రచురించింది. తల్లిదండ్రులిద్దరి నుంచీ సి వచ్చినవాళ్లు సుమారు 19 శాతం. హార్మోన్ వాడినప్పుడు వాళ్లకు హెచ్‌డీఎల్ సగటున 13.1 మిల్లీగ్రాములు పెరిగింది. మిగతావాళ్లకు 6.0. రెట్టింపు కన్నా ఎక్కువ తేడా.

ఈ ఫలితం మీద నాకు గౌరవం ఉంది. ఒకే మందు ఒక్కొక్కరి ఒంట్లో ఒక్కోలా ఎందుకు పనిచేస్తుందో చూపించిన తొలి స్పష్టమైన ఉదాహరణల్లో ఇది ఒకటి. కానీ ఆ మహిళలు పాల్గొన్న ఎరా అనే అసలు పరీక్షలో, మూడేళ్లకు పైగా మందు వాడాక గుండె రక్తనాళాలను యాంజియోగ్రామ్‌తో కొలిస్తే, హార్మోన్ వాడినవాళ్లకూ వాడనివాళ్లకూ పూడికలో తేడా కనిపించలేదు. పదేళ్ల తర్వాత జన్యు శాస్త్రమే ఇంకో వైపు నుంచి ఇదే మాట చెప్పింది. పుట్టుకతోనే హెచ్‌డీఎల్ ఎక్కువగా ఉండేలా చేసే ఒక జన్యు మార్పు ఉన్నవాళ్లను 2012లో పరిశీలిస్తే వాళ్లకు గుండెపోట్లు తక్కువగా ఏమీ లేవు. హెచ్‌డీఎల్ అంకెను పైకి నెట్టడం వల్ల గుండెకు దానంతట అదే రక్షణ రాదన్నమాట. ఈ కారణంగానే, మీకు సి రెండు కాపీలు ఉన్నాయని తెలిసినా డాక్టర్ మీ మందు మార్చరు. ఆ సమాచారంతో చేయగలిగింది ఇప్పటికి ఏమీ లేదు.

ఏపీఓఈ జీన్ కథ వేరు. 19వ క్రోమోజోమ్ మీద ఉండే ఈ జీన్‌కు ఈ2, ఈ3, ఈ4 అని మూడు రూపాలు. ఈ4 ఉన్నవాళ్లకు ఎల్‌డీఎల్ కాస్త ఎక్కువగా, ఈ2 ఉన్నవాళ్లకు తక్కువగా ఉండడం మామూలు. రెండు కాపీలూ ఈ2 అయినవాళ్లలో కొద్దిమందికి కొలెస్ట్రాల్, ట్రైగ్లిజరైడ్స్ రెండూ కలిసి బాగా పెరిగే జబ్బు వస్తుంది. విశేషం ఏమిటంటే, ట్రైగ్లిజరైడ్స్ ఉన్నవాళ్లకు సాధారణంగా చెడు చేసే ఈస్ట్రోజెన్ ఈ ఒక్క జబ్బులో మేలు చేస్తుంది. అది స్పెషలిస్ట్ చూసుకోవాల్సిన విషయం, సొంతంగా ప్రయత్నించేది కాదు.

ఇంటికే కిట్ పంపి ఉమ్మితో చేసే జీన్ టెస్టులు ఇప్పుడు చాలా వచ్చాయి. వాటిలో ఏపీఓఈ రిపోర్టు తెరిచే ముందు ఒక్క క్షణం ఆగండి. ఈ4 ఉంటే అల్జీమర్స్ వచ్చే అవకాశం కూడా పెరుగుతుంది. కొలెస్ట్రాల్ కోసం చేయించుకున్న టెస్ట్, అడగని ఆ సంగతి కూడా మీ ముందు పెడుతుంది. తెలుసుకోవాలని మీకు నిజంగా ఉందా అన్నది ముందే ఆలోచించుకోండి. ఈ రిపోర్టు మీ పిల్లల గురించి, తోబుట్టువుల గురించి కూడా చెప్పినట్టే.

జన్యు పరీక్ష పనికొచ్చే సందర్భాలు మాత్రం కచ్చితంగా ఉన్నాయి. ఎల్‌డీఎల్ 190 పైన ఉండి ఇంట్లో చిన్న వయసు గుండెపోట్లు ఉన్నప్పుడు, ట్రైగ్లిజరైడ్స్ వేలల్లో ఉన్నప్పుడు, రక్తం గడ్డల చరిత్ర బలంగా ఉన్నప్పుడు డాక్టర్ రాసిన పరీక్షే చేయించుకోండి. హైదరాబాద్‌లో నిమ్స్ లాంటి ఆసుపత్రుల్లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది. అక్కడ పరీక్షకు ముందు, తర్వాత కూర్చోబెట్టి వివరంగా చెబుతారు. నా దృష్టిలో ఆ మాటల విలువ రిపోర్టుకు తక్కువేమీ కాదు.

7. తర్వాత ఏం చేయాలి

అంకెలు బాగుంటే ఏడాదికోసారి లిపిడ్ ప్రొఫైల్ చాలు. డోసు మారినా, మాత్ర నుంచి జెల్‌కు మారినా, రెండో మందు పేరు మారినా మళ్లీ మూడు నెలల లెక్క మొదలవుతుంది. మందు ఆపేశాక కూడా ఒకసారి చూసుకోండి, ఎల్‌డీఎల్ పాత స్థాయికి తిరిగి వస్తుంది.

మీకు ట్రైగ్లిజరైడ్స్ బాగా పెరిగాయనుకోండి, ఆ సంగతి మీ అక్కచెల్లెళ్లకు, కూతురికి చెప్పండి. గర్భనిరోధక మాత్రల్లో చాలావాటిలో ఉండేది కూడా ఈస్ట్రోజెనే. "మా అమ్మకు ఈ మందుతో ట్రైగ్లిజరైడ్స్ ఇంత పెరిగాయి" అని మీ అమ్మాయి రిపోర్టు ఫొటో చూపిస్తే, ఆమె డాక్టర్ మాత్ర రాసే ముందే రక్త పరీక్ష రాస్తారు.